నెపం లైను మీద

వైర్లబ్బాయి అంటారే గానీ అతను అబ్బాయేం కాదు. నలభై దాటాయి. చెవుల పక్క జుట్టు నెరిసింది, కళ్లజోడు తీస్తే ఎదుటివాళ్ల మొహం మసకబారుతుంది. లిఫ్టులు అమ్మి, బిగించి, ఆగిపోతే బాగుచేసే కంపెనీ అది. అందులో చేరిన కొత్తలో భుజాన వైర్ల చుట్ట తగిలించుకుని మేడ మీదికీ కిందికీ తిరుగుతుంటే ఎవరో సరదాకి అలా పిలిచారు. పిలుపు జిగురులా అతుక్కుపోయింది. ఇంకొకరైతే ఈ వయసులో ఇదేం పేరని మూతి ముడుచుకునేవాళ్లు. అతను మాత్రం ఆ పేరు పెట్టినవాళ్లకి మనసులోనే దండం పెట్టుకున్నాడు. అసలు పేరు చెప్పుకోవాల్సిన అవసరం తప్పింది మరి.

అతనికి నత్తి. అన్ని అక్షరాల దగ్గరా కాదు. రెండు పెదవులూ కలిస్తే గానీ పలకని అక్షరాలు ఉంటాయి కదా, ప, బ, మ లాంటివి, వాటి దగ్గర పెదవులు కలుసుకుంటాయి, ఇక విడిపోవు. చిన్నప్పుడు అక్క పక్కనుండేది. కొట్లో సరుకులు అడగాలన్నా, ఎవరికైనా జవాబు చెప్పాలన్నా తమ్ముడి వంతు కూడా తనే గబగబా చెప్పేసేది. అక్కకి పెళ్లై వెళ్లిపోయాక వేలితో చూపించి కొనుక్కోవడం నేర్చుకున్నాడు. చూపించలేనివాటికి వేరే మాటలు వెతుక్కున్నాడు. పుస్తకం రాకపోతే నోట్సు అన్నాడు, మధ్యాహ్నం రాకపోతే లంచ్ టైము అన్నాడు. బస్సు ఎక్కడ ఆగుతుందని అడగలేక ఎన్నోసార్లు ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచే వెళ్లాడు. దేనికైనా ఇంకో మాట దొరుకుతుంది, సొంత పేరుకి ఎక్కడ దొరుకుతుంది? అది సరిగ్గా 'ప'తోనే మొదలవుతుంది. కన్నవాళ్లు కాబట్టి తెలియక పెట్టారనుకోవాలి గానీ, తెలిసి పెట్టి ఉంటే పగవాళ్లే అనాలి.

వైర్ల పని ఎంచుకున్నది కూడా అందుకే. వైర్లు పేరడగవు.

ఆఫీసులో తన సంగతి ఎవరికీ తెలియదని అతని ధీమా. నోరు విప్పితే కదా తెలియడానికి! అడిగినదానికి తల ఊపుతాడు, నవ్వుతాడు, తప్పనిసరైతే రెండు ముక్కల్లో తేలుస్తాడు. "మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా ఏంటయ్యా నీకు?" అని తోటివాళ్లు వేళాకోళం చేస్తే దానికీ ఒక నవ్వు నవ్వి ఊరుకుంటాడు. చిక్కల్లా ఫోనుతోనే. ఫోన్లో తల ఊపితే అవతలివాళ్లకి కనపడదు. పైగా ఫోన్ ఎత్తగానే "మీరు ఏ బిల్డింగ్ నుంచి మాట్లాడుతున్నారు?" అని అడగాలని కంపెనీ రూలు. ముందు మ, తర్వాత బ, ఆ వెంటనే మళ్లీ మ. ఎవరో అతని మీద కక్షగట్టి కూర్చుని రాసినట్టుంది. పాత ఫోన్ల కాలంలో బల్ల మీద గంట మోగిందంటే చాలు, అతనికి మెట్ల కింద ఏదో వైరు గుర్తొచ్చేది.

అలాంటి సమయంలో కంపెనీ పాత ఫోన్లు పీకేసి ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు తెచ్చింది. ప్రతి బల్ల మీదా నల్లగా నిగనిగలాడుతూ ఒకటి. కంప్యూటర్లు నడిచే వైర్ల మీదే ఇవీ నడుస్తాయి. బిగించింది అతనే. వాటి పని మొదలైన కొన్నాళ్లకి ఒక మెకానిక్ ఏదో సందేహం అడగడానికి ఫోన్ చేశాడు. వైర్లబ్బాయి జవాబు చెప్పబోయి 'మోటారు' దగ్గర ఇరుక్కుపోయాడు. పెదవులు బిగుసుకున్నాయి, చెమట పట్టింది.

అవతల మెకానిక్ గట్టిగా అన్నాడు. "సార్, లైను కట్ కట్ అవుతోంది. మళ్లీ చెప్పండి."

వైర్లబ్బాయి రిసీవరు చెవి దగ్గర నుంచి తీసి దాని వంక అలాగే చూశాడు. అప్పటికి ఆ ఫోన్లలో అందరి మాటలూ తెగి తెగి వస్తున్నమాట నిజమే. ఆఫీసంతా "హలో, హలో" అని అరుచుకుంటోంది. ఆ అరుపుల్లో తన నత్తి కూడా కలిసిపోయిందని అర్థమయ్యేసరికి అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందని సామెత. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, ఆ మాట అనేది కూడా ఎదుటివాళ్లే. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ తర్వాత జరిగింది వింటే నవ్వొస్తుంది. ఆగిపోయినా ఫర్వాలేదని తెలిశాక ఆగిపోవడమే తగ్గింది. భయం లేని చోట నత్తి కూడా సగం నోరు మూసుకుంటుంది. మనిషి ఫోన్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. జోకులు కూడా వేశాడు. మెకానిక్కులు చిక్కుముడి ఏదైనా ఎదురైతే "వైర్లబ్బాయికి కలపండి" అని అడిగి మరీ మాట్లాడేవాళ్లు. ఇంట్లో భార్యతోనూ పిల్లితోనూ తప్ప ఎవరితోనూ అన్ని మాటలు మాట్లాడి ఎరగడు అతను.

ఇక్కడే ఉంది అసలు తిరకాసు. ఆ లైను రోగమేమిటో, మందేమిటో అతనికి మొదటి నెలలోనే తెలుసు.

మనుషుల్నీ, బీరువాల్నీ, సిమెంటు బస్తాల్నీ ఒకే లిఫ్టులో కుక్కితే ఏమవుతుంది? డ్రాయింగుల సెక్షన్ వాళ్లు కొండంత ఫైళ్లు పంపిస్తుంటారు, గుమ్మాల దగ్గర కెమెరాలు పొద్దస్తమానం బొమ్మలు తోస్తుంటాయి, వాటి వెనకాల మాటలు బిక్కుబిక్కుమంటూ వరసలో నిలబడతాయి. ఫైలు కాస్త ఆలస్యంగా చేరినా ఫైలే. మాట అలా కాదు, దాని వేళకి చేరకపోతే ఇక చేరనట్టే లెక్క. దీనికి కొత్త వైర్లు కూడా అక్కర్లేదు. ఉన్న వైరులోనే, వర్చువల్ నెట్‌వర్కులని, కంటికి కనపడని రెండు దారులు గీయొచ్చు. ఒకటి కంప్యూటర్లకి, ఒకటి ఫోన్లకి. వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెకి "మాటల్ని ముందు వదులు" అని చెప్పాలి. నిజం లిఫ్టుల్లో ఇది కుదరదు గానీ వైర్లలో హాయిగా కుదురుతుంది. ఆఫీసులో ఉన్న పెట్టెలు ఆ పనికి పనికొచ్చేవే. ఒక్కరోజు కూర్చుంటే అయిపోతుంది.

అతను కూర్చోలేదు. ఆఫీసు నడిపే మేడమ్ కనిపించినప్పుడల్లా "ఏమైందయ్యా ఫోన్ల సంగతి?" అని అడిగేది. "చూస్తున్నానండీ" అనేవాడు. అబద్ధం కాదు, చూస్తూనే ఉన్నాడు. ఏడాది గడిచి రెండోది వచ్చినా చూస్తూనే ఉన్నాడు.

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఎర్ర బొత్తాం నొక్కితే ఆ ఫోను హాల్లో మొదటి బల్లకి వస్తుంది. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆవిడని ఆఫీసంతా పిన్నిగారంటారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మెకానిక్ వచ్చి తలుపు తీసేదాకా లోపలున్నవాళ్లతో మాట్లాడుతూ ఉండటం ఆవిడ పని. పిల్లల చదువుల దగ్గర నుంచి మోకాళ్ల నొప్పుల దాకా ఏదో ఒకటి కదిపి, ఇరుక్కున్నామన్న సంగతి మరిపిస్తుంది. వైర్లబ్బాయి ఒక్కడే ఆవిడని పిన్నీ అనడు. అమ్మా అంటాడు. ఆవిడకీ అతనంటే అభిమానం. ఏ ఫోన్లోనైనా అతను ఒక మాట దగ్గర ఆగితే, "ఈ లైను పాడుగాను, మళ్లీ తెగింది. చెప్పు నాయనా" అనేది.

ఒకరోజు ఒక పెద్దాయన లిఫ్టులో ఇరుక్కున్నాడు. ఆ సొసైటీలో పాత బ్లాకు, కొత్త బ్లాకు రెండున్నాయి. ఆయన ఏ బ్లాకో చెప్పాడు గానీ ఆ ముక్కని లైను మింగేసింది. పిన్నిగారు మళ్లీ అడిగింది, మళ్లీ మింగేసింది. ఎప్పుడూ మొరాయించేది పాత బ్లాకు లిఫ్టే కదా అని ఆవిడ అక్కడికే మెకానిక్‌ని పంపింది. పెద్దాయన కొత్త బ్లాకులో ఉన్నాడు. చివరికి ప్రాణాలకేం కాకుండా బయటపడ్డాడు గానీ, అప్పటికే సొమ్మసిల్లి ఉన్నాడు. కొడుకులు ఆఫీసుకొచ్చి నానా రభస చేశారు.

మేడమ్ చెడ్డది కాదు, భయపడింది. పిన్నిగారిని గదిలోకి పిలిచి, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని, "మీ వయసులో చెవులు కాస్త మందగించడం సహజమే పిన్నిగారూ. సోమవారం నుంచి స్టోర్సులో కూర్చోండి. అక్కడ ఫోన్ల గొడవ ఉండదు" అంది.

"నా చెవులకేం కాలేదమ్మా. మాటే రావట్లేదు" అంది పిన్నిగారు. బయటికొచ్చి తన బల్ల మీద నీళ్ల సీసా, కళ్లజోడు పెట్టె సర్దుకుంటూ కూర్చుంది. అద్దం అవతల తన గదిలో నుంచి వైర్లబ్బాయి ఇదంతా చూశాడు. పాడైంది ఆవిడ చెవులు కాదని ఆ ఆఫీసులో ఖాయంగా తెలిసినవాడు తనొక్కడే.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య పట్టేసింది. ఆవిడకో మంచి గుణం ఉంది. పెళ్లైన నాటి నుంచీ ఒక్కసారి కూడా అతని మాట తను పూర్తి చెయ్యలేదు, ఎంతసేపైనా కాచుకుని కూర్చుంటుంది. ఆ రోజు కూడా అతను ఆగి ఆగి చెప్పిందంతా విన్నది. లైను రోగం, మందు, తను ఎందుకు వెయ్యలేదో, అన్నీ.

"అంటే, ఆవిడ చెవుల వెనకాల మీరు దాక్కుంటారన్నమాట" అంది.

"అలా అనకు."

"ఇంకెలా అనమంటారు? మీరే చెప్పండి, మీకు మాటలు వెతుక్కోవడం అలవాటే కదా."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడ వెనకే వచ్చి, కాస్త మెత్తబడి, "రెండేళ్లుగా ఫోన్లో మాట్లాడుతున్నది మీరే కదండీ. లైను కాదు కదా" అంది. అతనికి ఆ మాట మీద నమ్మకం కుదరలేదు, కానీ రాత్రంతా అదే చెవిలో తిరిగింది.

ఆదివారం పొద్దున్నే ఎవరూ లేని ఆఫీసుకి వెళ్లి స్విచ్ పెట్టెల ముందు కూర్చున్నాడు. ఒక్కో బల్ల ఫోన్‌నీ కొత్త దారిలోకి మార్చుకుంటూ వచ్చాడు. మార్చిన ప్రతి ఫోనూ ఒకసారి ఆరిపోయి, కాస్త ఆలోచించుకుని, మళ్లీ వెలిగేది. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి ఫోన్ చేసి, రెండు రిసీవర్లూ రెండు చెవులకి ఆనించుకుని, "ఒకటి, రెండు, నాలుగు" అని తనతో తనే మాట్లాడుకున్నాడు. మధ్యలో మూడు ఏమైందనకండి, అది 'మ'తో మొదలవుతుంది. గొంతు గాజులా స్పష్టంగా వినిపించింది. చివరికి తన గది మిగిలింది. తన ఫోన్ దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఇది ఎమర్జెన్సీ ఫోనేం కాదు కదా, దీని వల్ల ఎవరికి నష్టం అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. అందరి లైన్లూ బాగుచేసి, తన ఒక్క లైనునీ పాత దారిలోనే వదిలేసి ఇంటికెళ్లిపోయాడు.

సోమవారం ఆఫీసులో హలోలు ఆగిపోయాయి. అరవడం అలవాటైన గొంతులు తగ్గడానికి పూట పట్టింది. మేడమ్ స్వయంగా మొదటి బల్ల దగ్గర కూర్చుని నాలుగు ఫోన్లు విని, లేచి, స్టోర్సు దాకా నడిచివెళ్లి, "తప్పైపోయింది పిన్నిగారూ, రండి" అని వెంటబెట్టుకొచ్చింది. పిన్నిగారు నీళ్ల సీసా మళ్లీ అదే చోట పెట్టుకుంది. వైర్లబ్బాయికి గుండెల మీద నుంచి బండ దిగినట్టైంది, సగం బండ.

"అదేంటి నాయనా, అందరివీ బాగుపడ్డాయి, నీకు చేస్తే మాత్రం తెగుతోంది?" అని ఆవిడే ఒకరోజు అడిగింది. "దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు." అతను తల గోక్కుంటూ నవ్వాడు.

తర్వాత కొద్దిరోజులకి ఓ మధ్యాహ్నం గాలివాన వచ్చి సగం ఊరికి కరెంటు పోయింది. ఎక్కడి లిఫ్టులు అక్కడ ఆగాయి. ఆఫీసు బ్యాటరీల మీద నడుస్తోంది. హాల్లో ఉన్నవాళ్లందరి చెవులకీ ఫోన్లే. అన్నీ నిండిపోతే వచ్చే ఫోను తన గదికి మళ్లేలా ఎప్పుడో తనే పెట్టాడు. ఆ సంగతి తనే మర్చిపోయాడు. గంట మోగింది. ఎత్తాడు.

"హలో... నేను... లిఫ్టు... చీకటి..." ఆడగొంతు. తునకలు తునకలుగా వస్తోంది. బట్టలు కుట్టే ఆవిడట, కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వచ్చిందట. అది తెలియడానికే చాలాసేపు పట్టింది.

"మ... మ..." అన్నాడు అతను.

"లైను కట్ అవుతోందండీ!"

అలవాటుకొద్దీ అతనికి ప్రాణం కుదుటపడింది, ఒక్క క్షణం. తర్వాత ఆవిడ ఏడుపు వినిపించింది, అది కూడా ముక్కలుగానే. "హలో? ఉన్నారా? వెళ్లిపోయారా? వెళ్లిపోకండి..." లైను తెగినప్పుడల్లా ఆ చీకట్లో తనని ఒంటరిగా వదిలేసి పోయారనుకుంటోంది. ఇన్నాళ్లూ ఆ తెగిపోవడం వెనక తను హాయిగా దాక్కున్నాడు. అవతలివైపు నుంచి అదెలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఉన్నపళాన తన ఫోను మార్చబోతే ఆరిపోతుంది, ఆవిడ తెగిపోతుంది. పిన్నిగారి పక్క బల్ల మనిషి మాట్లాడుతున్న ఫోను పెట్టేసి మంచినీళ్లకి లేవడం అద్దంలోంచి కనిపించింది. "ఉండండి, ఇంకో ఫోన్లోకి వస్తున్నా" అని రెండుసార్లు అరిచి, ఆ బల్లకి కలిపి, పరుగెత్తాడు. హాలు మధ్యలో, అందరూ వినే చోట, ఆ కుర్చీలో కూలబడి రిసీవరు ఎత్తాడు. ఈసారి ఆవిడ ఊపిరి కూడా వినిపించింది.

"మ... మ... మ... మీరు ఏ... బ... బ..."

"లైను ఇప్పుడు బాగానే ఉందే!" అంది ఆవిడ అయోమయంగా.

"లైను కాదండీ. నాకు నత్తి."

బయట ఎప్పుడూ ఎవరితోనూ అనని ఆ మాట ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. చుట్టూ ఎవరు తిరిగి చూశారో అతను చూడలేదు. అవతల ఆవిడ ముక్కు ఎగబీల్చి అంది. "అయితే నిదానంగానే అడగండి. నేనెక్కడికి పోతాను, లిఫ్టులో ఇరుక్కున్నదాన్ని!"

అతనికి నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. బిల్డింగు చెప్పింది, అంతస్తు చెప్పింది. అతను చీటీ మీద రాశాడు. పక్కనే పిన్నిగారు తన ఫోన్లో మాట్లాడుతూనే చెయ్యి చాచి ఆ చీటీ అందుకుని మెకానిక్‌ని పంపేసింది. ఇక మెకానిక్ వచ్చేదాకా మాట్లాడాలి. తలుపు తెరవాలని చూడొద్దని చెప్పాడు, గాలి ఆడుతుందని చెప్పాడు. వేరే మాటలు వెతకలేదు, వచ్చిన మాట వచ్చినంతసేపు తీసుకుని చెప్పాడు. ఆవిడ కాచుకుంది.

"మీ పేరేంటండీ? చీకట్లో ఎవరితో మాట్లాడుతున్నానో తెలియాలి కదా."

వైర్లబ్బాయి అని చెప్పేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాడు. పెదవులు కలిపాడు. అవి కలిసి, బిగుసుకుని, వణికి, విడిపోనన్నాయి. మెడ నరాలు లేచాయి. ఆపేసి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. మొత్తానికి ఆ పేరు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బయటికొచ్చింది. ఆవిడ ఒకసారి తిరిగి పలికి చూసుకుని, "బాగుందండీ" అంది.

తలుపు తెరుచుకున్న చప్పుడు, మెకానిక్ గొంతు, ఆవిడ "వచ్చేశారండీ, వచ్చేశారు" అనడం, అన్నీ వినిపించాయి. రిసీవరు పెట్టేశాక అతని చొక్కా తడిసి ముద్దైంది. వాన జోరు తగ్గింది. ఫోన్లూ నెమ్మదించాయి. పిన్నిగారు టీ తెచ్చి అతని ముందు పెట్టింది.

"అందరూ విన్నారమ్మా" అన్నాడు మెల్లగా.

"వింటే విన్నారు. నేనైతే రెండేళ్లుగా వింటున్నాను."

అతను తలెత్తాడు.

"లైను తెగితే ఎక్కడ పడితే అక్కడ తెగుతుంది నాయనా. నువ్వు ఎప్పుడూ మాట మొదట్లోనే ఆగుతావు, అదీ ఆ రెండు మూడు అక్షరాల దగ్గరే. లైనుకి అక్షరాలొచ్చా ఏంటి? దాచుకుంటున్నావు కదాని, నా వంతు నేను కాస్త దుప్పటి కప్పాను."

"మ... మరి ఆ రోజు మ... మేడమ్ మీ చెవుల గురించి..."

"ఏమనమంటావు? నా చెవులు ఎంత బాగున్నాయంటే, వైర్లబ్బాయి నత్తి కూడా వినిపిస్తుందని చెప్పమంటావా? నా కుర్చీ కోసం నీ గుట్టు రట్టు చెయ్యమంటావా?" అని, టీ చల్లారిపోతోందని కసిరి, వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంది.

అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. టీ మొత్తం తాగి, గదిలోకి వెళ్లి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తన ఫోన్‌ని కొత్త దారిలోకి మార్చాడు. అది ఆరిపోయింది, ఆలోచించుకుంది, వెలిగింది. వెంటనే మొదటి బల్ల నంబరు నొక్కాడు. అద్దం అవతల పిన్నిగారు రిసీవరు ఎత్తి ఇటు తిరిగింది.

"ప... ప... ప..."

లైను తెగుతోందని ఆవిడ అనలేదు. అద్దంలోంచి అతని వంకే చూస్తూ కూర్చుంది.

"పిన్నిగారూ."

"ఆఁ, బాగా వినిపిస్తోంది. చెప్పు" అంది ఆవిడ.